కండువాల సంత

2019లో లావు శ్రీకృష్ణదేవరాయలు ఫ్యాను గుర్తు మీద నరసరావుపేట ఎంపీ అయ్యారు. 2024లో అదే నరసరావుపేటలో ఆ ఫ్యానునే ఓడించారు, సైకిలెక్కి! మెజారిటీ రెండుసార్లూ లక్షన్నర పైమాటే. ఫ్లెక్సీ షాపువాడికి ఎంత సుఖం! ఫొటో ఉన్నదే. రంగు మార్చి ప్రింటు కొట్టడమే.

సిద్ధాంతమా? ఎవరడిగారండీ? గుంటూరుకు వెళ్లి పోటీ చేయమని వైసీపీ పెద్దలన్నారు. ఆయన ససేమిరా అన్నారు. జనవరిలో రాజీనామా, మార్చిలో పసుపు కండువా. ఐదేళ్లు ఆయన్ను తిట్టిన నోళ్లే జై కొట్టాయి. జై కొట్టిన నోళ్లు శాపనార్థాలు అందుకున్నాయి. ఒక్కరికైనా నాలుక తడబడిందా?

ఇక వైసీపీ సంగతి. సీటు బీసీకి ఇస్తామన్నారు. మంచిదే. మరి పెదకూరపాడు నుంచి మాచర్ల దాకా ఏడు నియోజకవర్గాల్లో ఒక్క బీసీ కూడా దొరకలేదా? నెల్లూరు నుంచి అనిల్‌కుమార్ యాదవ్‌ను దింపారు. ఆయనేమన్నా మామూలోడా? 2019 నుంచి 2022 దాకా రాష్ట్రానికి నీటిపారుదల మంత్రి. ఆ మంత్రిగారు వచ్చి ఓట్లడిగింది ఎక్కడ? సాగర్ డ్యాం కుడిగట్టు పక్కనే ఉండి కూడా వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టచేలు వానకోసం మొగం వాచే చోట!

ఆ చేల కోసమేగా వరికపూడిశెల ఎత్తిపోతల. 340 కోట్లు, 24,900 ఎకరాలు అంటూ మాచర్లలో జగన్ శంకుస్థాపన చేసింది 2023 నవంబరు 15న. ఎన్నికల కోడ్‌కు నాలుగు నెలల ముందు. నాలుగున్నరేళ్లు ఏం చేశారయ్యా అంటే, అటవీ అనుమతులట. పెద్దపులులు సంతకం పెట్టడానికి తీరిక లేకపోయిందేమో!

అసలు తమాషా ఇక్కడుంది. ఆ శంకుస్థాపన నాటికి శ్రీకృష్ణదేవరాయలు వైసీపీ ఎంపీ. అనిల్‌కుమార్ ఆ పార్టీ మాజీ మంత్రి. ఇద్దరిదీ ఒకే లెక్కల పుస్తకం. ఇక ఎవరు ఎవర్ని నిలదీయాలి? నీళ్లేవని ఓటరు అడిగితే ఇద్దరూ ఒకరివైపు ఒకరు వేలు చూపించి తప్పుకున్నారు. ఎంత సౌకర్యం!

2024 మే 13న పోలింగు. లెక్క చెప్పాల్సినవాళ్లు బాగానే ఉన్నారు, పల్లెల్లో తలలు పగిలాయి. రెంటచింతల మండలం పాల్వాయిగేటు బూత్‌లోకి అప్పటి మాచర్ల ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి వచ్చి ఈవీఎంను నేలకేసి కొట్టారు. అదేమన్నా చీకట్లో జరిగిందా? వెబ్ కెమెరా కళ్లప్పగించి చూస్తూనే ఉంది. ఆ దృశ్యం జనం కంటపడింది మాత్రం వారం దాటాక! ఈలోగా పల్నాడు ఎస్పీ సస్పెన్షన్, కలెక్టర్ బదిలీ, సిట్, 144 సెక్షన్. అంతా అయ్యాక గుర్తొచ్చింది పల్నాట్లో గొడవలవుతాయని! ఇంతకుముందెప్పుడూ విన్లేదు పాపం.

పల్నాటి పౌరుషం అని మైకుల్లో ఊగిపోయినవాళ్ల పిల్లలు ఆ రోజు ఏ రాళ్లవానలో నిలబడ్డారో ఎవరైనా చెప్తారా? గెలిచినాయన ఢిల్లీలో టీడీపీ పార్లమెంటరీ పార్టీ నేత అయ్యారు. పార్టీ మారితే ఆయనకు ముందువరుస కుర్చీ. ఊళ్లో కేసు పడ్డవాడికి? వాడు ఏ కండువా కప్పుకున్నా కోర్టు వాయిదా మారదు. కుట్లు పడ్డ నెత్తికి పచ్చేంటి, నీలమేంటి?

ఒరే తమ్ముడూ, 2029లో మీ నాయకుడు ఏ పార్టీలో ఉంటాడో ముందు కనుక్కో. కర్ర సంగతి తర్వాత చూసుకోవచ్చు.