గుడ్డి గవ్వను కాను

“వాడు గుడ్డి గవ్వ చెయ్యడు” అని మీరు ఎవరినైనా తిట్టినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టుకోండి, మధ్యలో మా ఊసెందుకు?

మాది మాల్దీవుల నీరు. లోపలి ప్రాణి కుళ్ళిపోయేదాకా ఇసకలో పాతిపెట్టి, తర్వాత ఓడలకెత్తేవారు. అదలా ఉంచండి. ఒకప్పుడు మేం డబ్బులం! మీ పక్కనున్న ఒడిశాలో నాలుగు గవ్వలు ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం. శిస్తుకూ మేమే. 1803లో కంపెనీ వాళ్ళు ఆ దేశం పట్టుకుని, వెండి రూపాయలే కావాలన్నారు. మా ధర పడిపోయింది. 1817లో అక్కడి సైనికులు పైకులు తిరగబడ్డారంటే అందులో మా గోడూ ఉంది.

నాకు మిగిలింది అష్టాచమ్మా. కళింగపట్నంలో ఒక అరుగు మీద సుద్దతో గీసిన ఇరవై అయిదు గళ్ళు, కాయలుగా చింతపిక్కలు, గాజుముక్కలు, మేం నలుగురం. అందరం వెల్లకిలా పడితే చమ్మ, బోర్లా పడితే అష్ట. ఆ ఇంటి గుంటడు విసిరితే అష్టే!

వాడే ఒకనాడు మాలో ఒకదాన్ని దూడ మెడలో కట్టాడు. తాడు తెగింది, అది మళ్ళీ రాలేదు. వాడు పెద్దయి గుజరాత్‌లోని వేరావల్ బోట్లకు పోయాడు. మేం ముగ్గురం రేకు డబ్బాలో పడ్డాం. తుప్పు పిన్నీసులు, గడువు తీరిన మాత్రలు, మూత లేని పెన్ను తోడు. నా నోట్లో సాలీడు గూడు పెట్టింది. ఏళ్ళు.

2021 సెప్టెంబరు 26 సాయంత్రం ఊరికి ఉత్తరాన గులాబ్ తుపాను తీరం దాటింది. అప్పటికి వాడు ఇంటికొచ్చి ఉన్నాడు. కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు ఒక్కొక్కటే కన్ను మూశాయి.

“ఒరే, ఆ డబ్బా ఇలా తియ్యరా” అంది ముసలమ్మ.

“ఇప్పుడేటే అమ్మా, గుంటలాట!”

తీశాడు. “నాలుగోదేదిరా?” అందామె. మాట్లాడలేదు. చింతపిక్కను చీల్చి మా పక్కన పడేశాడు. దాంతో కలిసి ఎగరడం నాకెంత నామోషీ!

“నాన్నా, ఇందులో ఎన్ని లెవెల్స్?” అంది కూతురు.

ఒక కాయనైనా చంపందే లోపలి గళ్ళలోకి పోకూడదన్న సంగతే వాడు మరిచిపోయాడు. మణికట్టు మాత్రం మరిచిపోలేదు. రెండు అరచేతుల్లో గలగలలాడించి, ఊది, విసిరాడు. మిగతా మూడూ బోర్లాపడ్డాయి. నేను చాప అంచున ఏటవాలుగా ఆగాను.

అష్ట అంటాడు వాడు. ఒకటే అంటుంది తల్లి. ముగ్గురూ నా మీదకు వంగి, లాంతరు దగ్గరికి తెచ్చారు.