రాయగడలో ముసలి బెంగాల్ పిల్లి ఆత్మకథ

ఇది ఒక పిల్లి ఆత్మకథ. చెబుతున్నది ఆ పిల్లే. పక్కన కూర్చుని చూసినట్టు, తనను తాను ‘ఈ పిల్లి’ అనుకుంటూ చెప్పుకొస్తుంది.

ఈ పిల్లిది బెంగాల్ జాతి. ఒంటి మీది మచ్చలు చిరుతపిల్లి నుంచి వచ్చాయి. తూర్పు కనుమల అడవుల్లో రాత్రిపూట వేటాడే ఆ చిన్న అడవి పిల్లికి, 1792లో రాబర్ట్ కెర్ పెట్టిన శాస్త్రీయనామంలోనే బెంగాల్ ఉంది. అమెరికాలో జీన్ మిల్ అనే ఆవిడ 1963లో చిరుతపిల్లికీ ఇంటి పిల్లికీ సంకరం చేసి చూశారు. చాలా ఏళ్ల విరామం తర్వాత, 1980లలో ఆ పని మళ్లీ చేపట్టారు. 1982లో ఢిల్లీ జంతుప్రదర్శనశాలలో ఖడ్గమృగాల ఆవరణలో తిరిగే మచ్చల పిల్లి ఒకటి ఆవిడ కంటపడింది. దాన్ని అమెరికా తీసుకెళ్లి ఈ జాతి వృద్ధికి వాడుకున్నారు. అంటే బెంగాల్ పిల్లి రక్తంలో అడవీ ఉంది, మన వీధి పిల్లీ ఉంది. ఊరికే కూర్చోలేని గుణం దీనికి పుట్టుకతో వచ్చింది.

విశాఖలో పుట్టిన ఈ పిల్లి, కిరండూల్ రైలెక్కి, అరకు సొరంగాలు దాటి కొరాపుట్ చేరింది. దీన్ని పెంచుకున్న మాస్టారు అప్పుడక్కడ ఉద్యోగంలో ఉన్నారు. పెంకుటింటి చూరు, జామచెట్టు, కుళాయి కింద బకెట్ దీని రాజ్యం. నీళ్లలో చెయ్యి పెట్టి ఆడుకోవడం ఈ జాతి పిల్లుల్లో చాలావాటికి ఇష్టం. బీరువా తలుపు తీయడం కూడా చూసి నేర్చుకుంది. మాస్టారు రిటైరయ్యాక అందరూ రాయగడ వచ్చేశారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే. రాయగడ వీధుల్లో ఇప్పటికీ తెలుగు మాట వినబడుతుంది. మజ్జి గౌరి గుడికి వెళ్లొచ్చే ఇంటి మామ్మ దీనితో మాట్లాడేదీ తెలుగే.

పదేళ్లు దాటిన పిల్లిని వైద్యులు వృద్ధుల లెక్కలో వేస్తారు. ఆ వయసులో ఈ పిల్లి గోడ ఎక్కడం మానేసింది. పగలంతా పడక, రాత్రి అరుపు. ఇంటికొచ్చినవాళ్లు “ముసలిదైపోయింది, పడుకోనివ్వండి” అన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. “ఏటే, అస్తమానూ పడుకుంటే ఎలాగే? నీకు ఎక్కడో నొప్పుందే” అంది.

మామ్మ మాటే నిజమైంది. బొబ్బిలి మీదుగా విజయనగరం రైల్లో తీసుకెళ్లి డాక్టరుకు చూపిస్తే, తుంటి కీళ్లు అరిగాయని తేలింది. అమెరికాలో పన్నెండేళ్లు పైబడిన 100 పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ల అరుగుదల ఉంది. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. కుంటదు, దూకడం మానేస్తుందంతే. రాత్రి అరుపులకు థైరాయిడ్ ఎక్కువవడం, రక్తపోటు, చెవుడు కూడా కారణాలు కావచ్చు. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాతే ఆటలు. మనుషుల నొప్పి మాత్ర మాత్రం ఇవ్వకూడదు. ఒక్క పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీయగలదు.

మందులు మొదలయ్యాక మామ్మ మనవరాలు ఇల్లు సర్దింది. కిటికీ కింద ఒక పీట, దాని పక్కన చెక్కపెట్టె పెట్టి మెట్లు కట్టింది. ఈ పిల్లి మళ్లీ కిటికీ ఎక్కి ఉడతల్నీ గోరింకల్నీ చూస్తోంది. ఇసుక ట్రేకి అంచు తగ్గించారు. నున్నటి గచ్చు మీద గోనెపట్టా పరిచారు.

తిండి విషయంలోనే అసలు మార్పు వచ్చింది. గిన్నెలో ఒకేసారి పోయకుండా, మనవరాలు కోడిగుడ్ల అట్ట గుంటల్లో పిల్లి తిండి గింజలు వేసి పైన కాగితపు ఉండలు పెట్టింది. ఉండ తీస్తేనే గింజ. అడవిలో చిరుతపిల్లి ఎలుకనో పిట్టనో వెతికి పట్టుకుని గాని తినదు. ఆ వెతుకులాట ఇంట్లో పిల్లికీ కావాలి. అయితే బలవంతం పనికిరాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లులు తిండిని వెతికి తీసుకోవాల్సిన పజిల్ కంటే పళ్లెంలో సిద్ధంగా ఉన్న తిండికే ఎక్కువ మొగ్గు చూపాయి. అందుకే సగం పళ్లెంలో, సగం అట్టలో పెట్టాలి. మొదట తేలిగ్గా, తర్వాత కొంచెం కష్టంగా. పస్తు పెట్టి ఆడించకూడదు. రెండు రోజులు తినకపోయినా పిల్లి కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆట కూడా మారింది. ఒకప్పుడు వెదురుపుల్లకు కట్టిన కోడి ఈక వెంట గాల్లోకి ఎగిరేది. ఇప్పుడు మనవరాలు ఆ ఈకను నేల మీద మెల్లగా ఈడుస్తూ దుప్పటి చాటుకు తీసుకెళుతుంది. ఈ పిల్లి పొంచి ఉంటుంది, చెవులు తిప్పుతుంది, పంజా వేస్తుంది. వేటలో పరుగు కంటే పొంచి ఉండడమే ఎక్కువ. ఆ భాగానికి కీళ్లు అడ్డురావు. పూటకు ఐదు నిమిషాలు చాలు. చివర ఈక దొరకాలి, వెంటనే తిండి పెట్టాలి. లేజరు చుక్కతో ఆడిస్తే పంజాకు ఏమీ చిక్కదు. ఆట అవగానే దారాన్ని డబ్బాలో దాచాలి. మింగితే పేగులు కోసుకుపోతాయి.

వాసనలూ మెదడుకు పనే. పెరట్లో పెరిగే కుప్పింటాకు వేరు పీకితే పిల్లులు దాని మీద పొర్లాడతాయి. మామ్మ అప్పుడప్పుడు ఆ వేరును కాసేపు వాసన చూడనిచ్చి తీసేస్తుంది. మనవరాలు చెంచాతో గిన్నె తట్టి, ఈ పిల్లి వచ్చి కూర్చుంటే ఉప్పు లేని చేపముక్క పెడుతుంది. కొత్త పాఠం నేర్చుకునే శక్తి ముసలి పిల్లికీ ఉంటుంది.

ఇదంతా ముద్దు కోసం కాదు. పదకొండు నుంచి 14 ఏళ్ల పిల్లుల్లో సుమారు 28 శాతంలో, పదిహేనేళ్లు దాటితే సగం దాకా, మతిమరుపు తరహా మార్పు ఏదో ఒకటి కనిపిస్తుందని పశువైద్య పరిశోధన చెబుతోంది. తెలిసిన గదిలోనే దారి తప్పడం, ట్రే మరిచిపోవడం, గోడకేసి చూస్తూ నిలబడడం ఆ గుర్తులు. ఆటతో అది పూర్తిగా ఆగదు. కానీ రోజూ పని దొరికే మెదడు నీరసించి మూల పడి ఉండదు. చూపు మందగించిన పిల్లికి రాత్రి చిన్న లైటు, సామాను జరపని ఇల్లు ఎంతో మేలు చేస్తాయి.

చురుకైన జాతి పిల్లిని ముద్దొచ్చిందని తెచ్చుకునేవారికి ఈ పిల్లి విన్నపం రెండే. పదేళ్లు దాటాక ఆర్నెల్లకోసారి డాక్టరుకు చూపించండి, రోజుకు పది నిమిషాలు దానితో ఆడండి. మచ్చల మీద మోజుతో కొండ మీద నుంచి చిరుతపిల్లి కూనను మాత్రం తెచ్చుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, ఆ కూనకు ఇల్లు జైలే.