పొగ ఎవరిది?

కార్తీకం వెళ్ళి చలి ముదిరిందంటే విజయవాడలోని ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఏడేళ్ళ చిన్నోడికి తెల్లవారుతూనే తుమ్ములు మొదలయ్యేవి. ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తిప్పుకోనివ్వకుండా. అరచేత్తో ముక్కును పైకి రుద్దీ రుద్దీ దాని మీద అడ్డంగా ఒక గీత పడిపోయింది. పగలు కాస్త ఫరవాలేదనుకుంటే అర్ధరాత్రి దగ్గు, దాని వెంటే ఛాతీలో పిల్లికూతలు.

ఇరుగుపొరుగు తలో మాటా చెప్పారు. పెరుగు మానిపించమన్నారు, అరటిపండు పెట్టొద్దన్నారు. పిల్లల డాక్టరుగారు అవేవీ మానిపించలేదు. ముంజేతి మీద చుక్కలు వేసి, సూదిమొనతో గీరి పరీక్ష చేశారు.

"వీడికి పడనిది ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్. కంటికి కనపడని పురుగు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని పరుపుల్లో, దిళ్ళలో బతుకుతుంది. కుట్టదు, కరవదు. దాని రెట్ట దుమ్ములో కలిసి ముక్కులోకి పోతేనే ఈ బాధంతా. చలికాలం తలుపులు మూసుకుంటాం, పెట్టెలోంచి తీసిన దుప్పటి తీసినట్టే కప్పేస్తాం. అందుకే ఈ రోజుల్లో ఎక్కువ" అన్నారు.

అమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. పరుపుకీ దిండుకీ చిక్కటి నేత తొడుగులు తెప్పించి జిప్పులు బిగించింది. దుప్పట్లు వారం వారం 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికి మేడ మీద ఎండలో ఆరేసింది. బొచ్చు ఎలుగుబంటిని అటక ఎక్కించింది. పొడి చీపురు పక్కన పెట్టి తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. "పంపు అలవాటైపోతుంది" అని బంధువులు భయపెట్టినా వినకుండా, స్పేసర్ తగిలించి ఇన్‌హేలర్ పూటపూటా ఇచ్చింది. సిరప్‌లో మందు మిల్లీగ్రాముల్లో ఒళ్ళంతా తిరుగుతుందనీ, ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకే పోతుందనీ డాక్టరుగారు విడమరచి చెప్పారు మరి.

ఆయనే ఇంకో ప్రశ్న కూడా అడిగారు. "ఇంట్లో పొగ ఏమన్నా ఉందా? పొగ అలర్జీ కాదు గానీ, వాచి ఉన్న గాలిగొట్టాలకి అది పుండు మీద కారం."

నాన్న తడుముకోకుండా చెప్పాడు. "మా నాన్నగారు చుట్ట తాగుతారండీ."

తాతయ్యది కోనసీమలో లంక ఊరు. మీసాలు మొలిచినప్పటి నుంచీ లంక పొగాకు చుట్టే ఆయనకి తోడు. బామ్మ పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఆ సాయంత్రం కొడుకు సంగతి చెప్పగానే చుట్టల కట్ట తీసి కోడలి చేతిలో పెట్టారు.

"పారేయమ్మా. వాడి ఊపిరి కంటేనా ఇది!"

ఆ తర్వాత ముట్టలేదు. భోంచేసి వరండాలో కూర్చున్నప్పుడు మాత్రం వేళ్ళు ఊరికే కదులుతుండేవి. అమ్మ దేవుడి దగ్గర అగరొత్తులు కూడా మానేసి ఒట్టి దీపమే పెట్టింది.

పొద్దుటి తుమ్ములు బాగా తగ్గాయి. రాత్రి దగ్గు మాత్రం పోలేదు.

"చెప్పినవన్నీ చేస్తున్నాం. ఇంకేం మిగిలిందండీ?" అంది అమ్మ.

నాన్న తాతయ్య గదివైపు చూశాడు. చాటుగా కాలుస్తున్నారని నాన్నకి అనుమానం. కథల కోసం చిన్నోడు అప్పుడప్పుడు ఆ గదిలో పడుకునేవాడు. "ఆ బట్టలకి పట్టిన వాసన చాలు" అని అది మాన్పించాడు. దగ్గు ఇంకా పెరిగింది. ఒక రాత్రి ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టించి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని తిరిగొచ్చిన నాన్న నేరుగా తాతయ్య గదిలోకి వెళ్ళాడు. కొక్కేనికున్న తువ్వాలు తీసి వాసన చూశాడు. లాల్చీ జేబులు తడిమాడు.

"నాన్నా, నిజం చెప్పండి. మేడ మీదికెళ్ళి కాలుస్తున్నారు కదూ?"

"లేదురా అబ్బాయ్" అన్నారు తాతయ్య. వాదించలేదు. తెల్లారి మొదటి బస్సుకే ప్రయాణమయ్యారు. "మావయ్యగారూ, పండగ దాకా అయినా ఉండండి" అని కోడలు గుమ్మం దగ్గర బతిమాలింది.

"వాడికి తగ్గనీ తల్లీ. తగ్గాక వస్తాను."

తగ్గలేదు. సంక్రాంతి ముందు మళ్ళీ డాక్టరుగారి దగ్గర కూర్చున్నారు.

"ఇంట్లో పొగ పూర్తిగా ఆగిందా?"

"ఆగిందండీ. మా నాన్నగారు ఊరు వెళ్ళిపోయారు" అన్నాడు నాన్న.

డాక్టరుగారు ఈసారి చిన్నోడినే దగ్గరికి తీసుకున్నారు.

"దగ్గు రోజూ వస్తుందా నాన్నా?"

"తాతయ్య దగ్గర పడుకుంటే వచ్చేది కాదు."

"అక్కడ తాతయ్య చుట్ట తాగేవారా?"

"ఊహూఁ. దోమతెర కట్టి, నన్ను లోపల పడుకోబెట్టి కథ చెప్పేవాడు."

"మరి మీ గదిలో దోమతెర లేదా?"

"లేదు. చలికాలం ఫ్యాన్ వెయ్యం కదా, దోమలు కుడతాయని నా మంచం కింద కాయిల్ పెట్టి కిటికీలన్నీ మూసేస్తారు."

"కాలవ పక్క ఇల్లండీ" అన్నాడు నాన్న గబగబా. "డెంగీ వస్తుందని భయం. అది మందే కదండీ, పొగ అనుకోలేదు."

"దోమల నుంచి పిల్లాణ్ణి కాపాడాల్సిందే. దానికి తెర ఉంది, కిటికీలకి జాలీ ఉంది" అన్నారు డాక్టరుగారు. "ఒక్క కాయిల్ కాలితే గాలిలో కలిసే సన్నటి ధూళి, 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేదానితో సమానమని 2003లోనే పరిశోధకులు కొలిచి చెప్పారు. మీ ఇంట్లో అది మూసిన గదిలో, పిల్లాడి మంచం కింద, తెల్లవార్లూ కాలుతోంది. ఇంతకీ మీ నాన్నగారు రోజుకి ఎన్ని చుట్టలు తాగేవారు?"

"రెండండీ. వరండాలో. అవీ మానేశారు."

"మరి ఆ కాయిల్ రోజూ వెలిగిస్తున్నది ఎవరు?"

"నేనే."