టార్గెట్ పంచాంగం

ఉగాది నాడు సిద్ధాంతిగారు ఆదాయం 2, వ్యయం 14 అని చదివితే మొహం ముడుచుకుంటాం. అదే ఫలం కోటు వేసుకున్నాయన టీవీలో చదివితే డీమ్యాట్ ఖాతా తెరుస్తాం. 2021 జులైలో, ఇంటికి తిండి చేర్చే జొమాటో పబ్లిక్ ఇష్యూకి వచ్చేనాటికి దాని జాతకం ఇదే. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో రాబడి సుమారు 1,994 కోట్లు, నష్టం 816 కోట్లు. షేరు 76 రూపాయలన్నారు. జనం 38 రెట్లు ఎగబడ్డారు. లిస్టింగ్ రోజున తొలి పలుకే 116.

అప్పుడే న్యూయార్క్‌లో వాల్యుయేషన్ పాఠాలు చెప్పే అశ్వత్ దామోదరన్ లెక్కగట్టి, విలువ సుమారు 41 అన్నారు. పాపం, ఆయన ఏ ఊహల మీద ఆ లెక్క నిలబడిందో దాచుకోకుండా చెప్పారు. అదంతా ఎవరిక్కావాలి? షేరు పడుతుందనే బేర్లకి 41 దొరికింది, తారకమంత్రంలా జపించారు. పెరుగుతుందనే బుల్లులు ఆయన్ని పుస్తకాల పురుగన్నారు.

ఈ లెక్కల వంటింట్లోకి ఒకసారి తొంగి చూడండి. వచ్చే ఏడాది 100 రూపాయలు మిగిల్చే వ్యాపారం ఉందనుకుందాం. రేపటి రూపాయిని నేటి విలువకి తగ్గించే డిస్కౌంట్ రేటు 11 శాతం, ఆ మిగులు ఏటా 5 శాతం చొప్పున కలకాలం పెరుగుతుందంటే, తేడా అయిన 6 శాతంతో 100ని భాగించాలి. విలువ 1,667. కాదు, 7 శాతం పెరుగుతుందన్నారా? 2,500. కొట్టు అదే, సరుకు అదే, గల్లాపెట్టె అదే. 5ని చెరిపి 7 వేసినందుకు విలువ ఒకటిన్నర రెట్లయింది. పెళ్ళి ఖాయం చేసుకున్నాక జాతకాలు కలిపించే తండ్రిలా, మనవాళ్ళు ముందు రేటు అనుకుని తర్వాత ఎక్సెల్ తెరుస్తారు. గ్రహాలు ఎందుకు కలవవు?

2022 జులై ఆఖర్లో పాత వాటాదారులు షేర్లు అమ్ముకోకూడదన్న లాకిన్ గడువు తీరింది. షేరు 41కి దిగింది. బేర్లకి దీపావళి. బుల్లులు మాత్రం కొనలేదు, అమ్మలేదు, 'లాంగ్‌టర్మ్' అన్నారు. పడిపోయిన షేరుకి మనం పెట్టుకున్న ముద్దుపేరు అది. రెండున్నరేళ్ళు తిరక్కుండానే, 2024 డిసెంబరులో అదే షేరు 300 దాటింది. ఈసారి దీపావళి బుల్లులది. బేర్లు 'బుడగ' అన్నారు. ఒక షేరు, రెండు దీపావళులు, ఓడినవాడు ఒక్కడూ లేడు. సంక్రాంతి పందెంలో కనీసం ఒక కోడైనా చస్తుంది.

షేరుని అంత ఎత్తుకు లేపినవాటిలో ముఖ్యమైనది నిమిషాల్లో సరుకులు తెచ్చే బ్లింకిట్. 2022 జూన్‌లో దాన్ని 4,447 కోట్లకి కొంటున్నామని ప్రకటించినప్పుడు షేరు పడింది. డబ్బు తగలేస్తున్నారని తిట్టినవాళ్ళలో బుల్లులూ ఉన్నారు. ఇప్పుడు అడగండి, 'మేం అప్పుడే అనుకున్నాం' అంటారు.

మా అపార్ట్‌మెంట్‌లో రెండు వర్గాలకీ చెరో నాయకుడున్నాడు. మూడో అంతస్తు బుల్లుగారు రోజూ లిఫ్టులో 'నేను చెప్పలా?' అంటారు. ఆయన 2021 నవంబరులో 150కి కొని, మరుసటి ఆగస్టులో 60కి అమ్ముకున్న సంగతి వాళ్ళావిడ మా ఆవిడకి చెప్పింది. కింది ఫ్లాటు బేర్‌గారు బ్యాంకులో రిటైరైన మనిషి. ఆ షేరు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలన్నట్టు మాట్లాడతారు. 41కి పైసా ఎక్కువైనా జూదమే అంటారు. నమ్మకమైనదని ఆరేళ్ళుగా సెన్సెక్స్ ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా సిప్ కడుతున్నారు.

2024 డిసెంబరు 23న జొమాటో సెన్సెక్స్‌లో చేరింది. ఇండెక్స్ ఫండ్‌కి ఇష్టాయిష్టాలుండవు. బేర్‌గారి డబ్బుతో ఆ షేరుని 270కి పైనే పెట్టి కొంది. ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు.