నాలుగింటికల్లా లంగరు

క్వీన్స్‌లాండ్‌లో పాతికేళ్లు నిండని పిల్లాడికి కారు లైసెన్సు కావాలంటే, పక్కన లైసెన్సున్న వాళ్లని కూర్చోబెట్టుకుని 100 గంటలు నడిపి, లెక్కంతా పుస్తకంలో రాసి చూపించాలి. అందులో 10 గంటలు రాత్రిపూట నడపాలి. అదే రాష్ట్రంలో విట్‌సండే దీవుల దగ్గర తెరచాప పడవ అద్దెకు తీసుకుని సముద్రం మీద సొంతంగా తిరిగొస్తామంటే మాత్రం లైసెన్సు అడిగేవాడు లేడు. క్రెడిట్ కార్డు అడుగుతారు. దీన్ని బేర్‌బోట్ అంటారు. పడవ వాళ్లది, ప్రాణం మనది.

ఈ సంగతి తెలిసిన రోజు నుంచి మా రాజోలు బావ కాలు ఒకచోట నిలవలేదు. బ్రిస్బేన్‌లో మా తెలుగువాళ్లందరికీ ఆయన బావే, ఆయన భార్య అందరికీ అక్కే. చుట్టరికం మాత్రం ఎవరితోనూ లేదు. "గోదావరి వాడికి పడవ ఒకడు నేర్పాలట్రా? చిన్నప్పుడు సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి పంటు మీద ఎన్నిసార్లు దాటానో!" అన్నాడు. పంటు మీద ఆయన చేసిందల్లా పల్లీలు తినడమేనని అక్క అక్కడికక్కడే తేల్చేసింది. అయినా కెప్టెన్ పదవి ఆయనకే దక్కింది. మిగిలిన వాళ్లలో వరంగల్ డాక్టరుకి ఈత రాదు, నాకు కడుపులో తిప్పుతుంది, మా ఆవిడకి నా మీద నమ్మకం లేదు.

ఎయిర్లీ బీచ్‌లో కంపెనీ కుర్రాడు మమ్మల్ని పడవలో కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. తెరచాపల గురించి చెప్పినదానికంటే మరుగుదొడ్డి గురించి ఎక్కువ చెప్పినప్పుడే మాకు అనుమానం రావాల్సింది. మీట ఒకవైపు తిప్పితే సముద్రపు నీళ్లు లోపలికొస్తాయి, రెండోవైపు తిప్పితే ఉన్నది పోతుంది, ఈ రెంటికీ మధ్య చేత్తో పంపు కొడుతూనే ఉండాలి. ముందుగా నోట్లో వేసుకోనిది ఏదీ అందులో వేయకూడదు. చిన్న పడవ కదా, పంపు చప్పుడు అందరికీ వినబడుతుంది. డాక్టరు దాన్ని వృత్తిధర్మంగా లెక్కపెట్టేవాడు. "ఏందన్నా, ఇయ్యాల ఇరవైకే ఆపినవ్, తబియత్ మంచిగ లేదా?" అని టిఫిను దగ్గర పరామర్శ.

పడవ మా చేతికిచ్చినా, పగ్గాలు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. పొద్దునా సాయంత్రం రేడియోలో ఎక్కడున్నామో చెప్పాలి. చీకట్లో పడవ కదలకూడదు. సాయంత్రం నాలుగింటికల్లా లంగరు పడిపోవాలి. అవతల మాట్లాడేది ఒకావిడ. మనిషి ఎలా ఉంటుందో మాకు తెలీదు, గొంతు మాత్రం తెలుసు. బ్రిస్బేన్‌లో ఏ అసోసియేషన్ తీర్మానానికీ తలవంచని బావ, ఆ గొంతు వినగానే లేచి నిలబడేవాడు. ఆవిడ ప్రతి మాట చివరా అందర్నీ "డార్లింగ్" అనేది. అక్కడివాళ్లకది అలవాటేనని అక్కకి నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఆగస్టులో ఆగ్నేయం గాలి ఊపు మీద ఉంటుంది. తెరచాప ఎత్తగానే పడవ ఓ పక్కకి ఒరిగింది. లోపల వంటింట్లో పొయ్యి మాత్రం ఇరుసుల మీద వేలాడుతుంది. పడవ ఎంత ఒరిగినా అది మట్టంగానే నిలుస్తుంది. కుక్కర్లో పప్పు ఒక్క చుక్క తొణకలేదు. కుక్కర్ని పట్టుకున్న మా ఆవిడ మాత్రం గోడ మీద పడుకుని పోపు వేసింది. ఆ పోపులో ఆవాలెన్ని పడ్డాయో గానీ, ఇల్లు చేరాక నా చొక్కా జేబులో కూడా దొరికాయి.

ఈ దీవులు మొత్తం 74. కెప్టెన్ కుక్ 1770 జూన్‌లో వీటి మధ్య నుంచి వెళ్తూ, ఆ రోజు విట్‌సండే పండగ అనుకుని ఈ జలమార్గానికి ఆ పేరు పెట్టాడు. అప్పటికింకా అంతర్జాతీయ దినరేఖ లేదు. ఇప్పటి లెక్కలో చూస్తే అది సోమవారం. ఇది తెలిశాక బావని పట్టుకోలేకపోయాం. మ్యాపులో చూపించిన దీవి ఒకటి, చేరిన దీవి ఇంకొకటి అయినప్పుడల్లా "అంతటి కుక్కుకే రోజు తెలీలేదురా" అనేవాడు.

లంగరు వేయడం మొగుడూపెళ్లాలు చేయాల్సిన పని కాదు. పోటుకీ పాటుకీ నీటిమట్టం నాలుగు మీటర్ల దాకా మారుతుంది కాబట్టి, పోటు లోతు లెక్కగట్టి, దానికి ఐదింతల గొలుసు వదలాలి. చుక్కాని దగ్గర బావ, ముక్కు దగ్గర అక్క, మధ్యలో గాలి. అక్క చెయ్యెత్తితే "ఆపు" అని అర్థం. బావకి అది "ఇంకా వదులు" లాగా కనిపించేది. ఆ అరుపులకి తాబేలొకటి నీళ్లలోంచి తల బయటపెట్టి, ఇద్దర్నీ చూసి, మళ్లీ మునిగిపోయింది.

డాక్టరు గాలం తెచ్చుకున్నాడు. మెరైన్ పార్కు మ్యాపులో పచ్చరంగు వేసిన చోట చేప పట్టకూడదు. ఆయన మనసుపడిన చోటల్లా పచ్చగానే ఉంది. పళ్లెమంత బ్యాట్‌ఫిష్‌లు పడవ వెనక గుంపుగా నిలబడి, మేం గిన్నెలు కడగడం తీరిగ్గా చూశాయి.

నారా ఇన్‌లెట్ అని, రెండు కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన చోటుంది. అక్కడి గుహలో న్గారో ప్రజలు గీసిన బొమ్మలున్నాయి. ఈ దీవుల్లో వాళ్లు తొమ్మిది వేల ఏళ్ల కిందటి నుంచే ఉన్నారు. చెట్టు బెరడు కుట్టి దోనెలు చేసుకుని ఇదే నీళ్ల మీద తిరిగారు. వాళ్లకి రేడియో లేదు. ఆ మాట అన్నాక బావ కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. గుహ చూసి వచ్చేసరికి పడవ మీద కాకటూలు దిగి ఉన్నాయి. ఒళ్లంతా తెలుపు, నెత్తిన పసుపుపచ్చ తురాయి. ఒకటి చేగోడీని కాలితో పట్టుకుని, గుండ్రంగా తిప్పి, అంచు దగ్గర్నుంచి పద్ధతిగా కొరుకుతోంది. ఇంకోటి ఆవకాయ సీసా మూత పీకి, ముక్కు ముంచి, ఒక్కసారి తలంతా విదిలించి, మళ్లీ ముంచింది. తెల్లవాళ్ల దేశంలో ఆవకాయకి ఇంత గౌరవం జరగడం నేను చూడలేదు.

వైట్‌హేవెన్ బీచ్‌లో ఇసుక దాదాపు అంతా సిలికానే. మిట్టమధ్యాహ్నం కూడా కాలు కాలదు, అడుగేస్తే కిచకిచమంటుంది. అందం చూస్తూ ఉండగానే పొదల్లోంచి గోవానా వచ్చి పులిహోర సంచి పట్టుకుంది. "అరే, ఇది మన ఉడుమే గదనే!" అని డాక్టరు మురిసిపోయాడు. ఉడుంపట్టు అంటే ఏమిటో ఆ రోజు సంచీకి తెలిసింది.

తిమింగలాలు కనబడింది చివర్లో. హంప్‌బ్యాకులు అంటార్కిటికా నుంచి వేల కిలోమీటర్లు ఈది, పురిటికి పుట్టింటికి వచ్చినట్టు ఈ వెచ్చటి నీళ్లకి వస్తాయి. తిండి మాత్రం పెట్టని పుట్టిల్లు ఇది. ఇక్కడున్నన్నాళ్లూ తల్లికి దాదాపు ఉపవాసమే. వాటికి 300 మీటర్ల లోపలికి పడవ పోకూడదు. మేం చాపలు దించి, ఇంజను న్యూట్రల్‌లో పెట్టి నిలబడ్డాం. ఆ నియమం తల్లీబిడ్డలకి ఎవరూ చెప్పలేదు. నేరుగా మా దగ్గరికే వచ్చాయి. తల్లి ఊదిన ఊపిరి తుంపర గాలికి వచ్చి మా మొహాల మీద పడింది. ఆ నీచువాసన రెండు స్నానాలకి గానీ పోలేదు. డాక్టరు "లంగ్స్ మంచిగున్నయ్" అని సర్టిఫికెట్టిచ్చాడు. అవి పక్కకి తప్పుకునేదాకా మేం కదలడానికి లేదు. నాలుగు దాటిపోయింది.

రేడియో గరగరమంది. ఇంకా లంగరు ఎందుకు వేయలేదని ఆవిడ అడిగింది. బావ లేచి నిలబడి, తిమింగలాలని చెప్పాడు. ఎంత దూరంలో ఉన్నారు అని అడిగింది.

"మేం మూడొందల మీటర్ల దూరంలోనే ఆగామండీ. మిగతాదంతా వాళ్లే వచ్చారు."

అవతల నవ్వు వినబడింది. రేపు మూడింటికే లంగరు వెయ్యి డార్లింగ్ అంది.

"వేస్తాం గానీ, ఆ చివరి మాట రేపట్నుంచి డాక్టరుగారికి చెప్పుకోమను" అంది అక్క.