వసారాలో పెట్టిన పెట్టె

ముప్పై ఏళ్లకు పైగా బళ్లో లెక్కలు చెప్పినవాణ్ని. అంకెల్లో పెట్టి చూడగలిగిన ఏ విషయంలోనూ పొరపాటు పడనని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతో చేసిన పని వల్లే మా అమ్మాయి ఏడో నెల కడుపుతో, నడివేసవిలో, వసారాలో కూర్చుని ఉద్యోగం చెయ్యాల్సి వచ్చింది. తప్పు కంపెనీది కాదు, కరెంటు వాళ్లది కాదు, ఎండది అంతకన్నా కాదు. నాది.

మాది పల్నాడు జిల్లా వెల్దుర్తి. మాచర్ల నియోజకవర్గం, నల్లమల అంచు. అమ్మాయికి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి తీసుకొద్దామనుకున్నాం. సెలవు మొదలయ్యేదాకా ఇంటి నుంచే పని చేసుకోవచ్చని ఆఫీసు వాళ్లు ఒప్పుకున్నారు. "నెట్టు సరిగ్గా ఉంటే చాలు నాన్నా" అంది ఫోన్లో. తను వచ్చేలోపు ఇంటికి ఫైబర్ కనెక్షన్ పెట్టించాలని నోటుపుస్తకం తీశాను.

గళ్లు గీశాను. నెలకెంత, స్పీడెంత, జీఎస్టీ కలిపితే ఎంత, వైఫై పెట్టె ఖరీదెంత, బిగింపుకెంత. నేను చూసినప్పుడు బీఎస్ఎన్ఎల్‌లో 449 రూపాయలకు 30 ఎంబీపీఎస్, నెలకు 3300 జీబీ దాకా. ఎయిర్‌టెల్‌లో 499కి 40. జియోలో 399కి 30. వీటి మీద 18 శాతం పన్ను వేస్తే 399 అన్నది 470 దాటుతుంది, 499 అన్నది 588 దాటుతుంది. ప్రకటనల్లో పన్ను కలపని అంకెనే పెద్దగా వేస్తారు కాబట్టి ఈ కూడిక ఎవరైనా చేసుకోవలసిందే. అంతవరకు నేను చేసింది సరైన పనే. బిగింపు ఖర్చు సంగతీ చూశాను. 2019 సెప్టెంబరు 5న జియో ఫైబర్ మొదలైనప్పుడు 2500 కట్టాల్సి వచ్చేది. అందులో 1500 తిరిగిచ్చే డిపాజిట్టు, 1000 బిగింపు ఖర్చు. ఆ తర్వాత కంపెనీల మధ్య పోటీ పెరిగి, ఆరు నెలలకో ఏడాదికో ఒకేసారి కడితే బిగింపు ఉచితం, పెట్టె ఉచితం అనే పద్ధతి వచ్చింది. ఉచితం అన్నచోట నా గడిలో సున్నా వేసుకున్నాను. ఏడాది డబ్బు వాళ్ల చేతిలో ముందే పెట్టడానికి నేను చెల్లిస్తున్న ధర ఏమిటో రాసుకోవడానికి నా పట్టికలో గడే లేదు.

మన రాష్ట్రంలో చౌక ఫైబర్ కొత్త మాటేమీ కాదు. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను మూడూ అన్నారు. అంత తక్కువకు ఇవ్వగలగడానికి కారణం, నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ లాగడం. అక్కడి నుంచి ఇంటింటికీ తెచ్చేది ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లు. ఇదంతా నేను అప్పుడే పేపర్లో చదివాను. చదివి 149 అనే అంకెను గుర్తుపెట్టుకున్నాను. తీగ స్తంభాల మీదుగా వస్తుందన్న మాటను, ఇంటిదాకా తెచ్చేది ఊరి కేబుల్ కుర్రాడన్న మాటను వదిలేశాను. నేను కనెక్షన్ పెట్టించే ముందు తెలుసుకోవలసిందల్లా ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఇక నా పట్టికలో చివరి గడి. నెల అద్దెను స్పీడుతో భాగించాను. ఒక్కో ఎంబీపీఎస్‌కు ఎవరిది తక్కువ పడితే వాళ్లది మేలన్నది నా సిద్ధాంతం. ఆ లెక్కన ఒక కంపెనీ వాళ్ల 200 ఎంబీపీఎస్ ప్లాను అన్నిటికన్నా చవగ్గా తేలింది. ఆ కంపెనీ పేరు చెప్పను. వాళ్ల తీగ మరో వీధిలో, మరో ఊళ్లో చక్కగా పనిచేస్తూ ఉండవచ్చు. అసలు అమ్మాయికి ఎంత స్పీడు కావాలో నేను అడగనే లేదు. వీడియో మీటింగుకు మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. కాకపోతే అది రోజంతా తెగకుండా, రావడమే కాదు పోవడమూ అంతే నికరంగా ఉండాలి. తెగకుండా ఉండడాన్ని ఏ కంపెనీ అంకెగా అచ్చు వెయ్యదు. అచ్చు వెయ్యనిది నా పట్టికలోకి రాలేదు.

ఇంకొక పొరపాటు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మా ఊరివాళ్లకు ఇంకా జరగవచ్చు. కర్నూలు జిల్లాలో ఒక వెల్దుర్తి ఉంది, మెదక్ జిల్లాలో ఇంకొకటి ఉంది. నేను కంపెనీ సైట్లో ఊరి పేరు కొట్టి "అందుబాటులో ఉంది" అని చూసి, సంతోషంగా వివరాలు నింపాను. ఇల్లు హైవేకి ఏ వైపని అటునుంచి ఎవరో ఫోన్ చేసి అడిగేదాకా అది కర్నూలు వెల్దుర్తి అని తెలియలేదు. పిన్‌కోడ్ కొట్టి చూడవలసింది. పిన్‌కోడ్ కలిసినా మండలంలో తీగ ఉన్నట్టే గానీ మన వీధిలో ఉన్నట్టు కాదని ఆ తర్వాత తెలిసింది.

మా వీధి సంగతి చెప్పగలిగిన మనిషి నాకు ఎదురుగానే ఉన్నాడు. ఊళ్లో కేబుల్ నడిపే కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే. నేను కనుక్కుంటున్నానని విని ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, స్పీడు సంగతి తర్వాత చూసుకుందాం. మీ ఇంటి ముందు స్తంభం దాకా ఎవరి తీగ ఉంది, తెగితే అతికే మనిషి ఎక్కడుంటాడు, ముందు ఆ రెండూ చూడండి" అన్నాడు. తన కనెక్షన్ అమ్ముకోడానికి చెబుతున్నాడనుకున్నాను. నా పట్టిక తీసి చూపించాను. వాడు చూసి, "మీ ఇష్టం మాస్టారూ" అని వెళ్లిపోయాడు. నా చేతికింద పెరిగిన పిల్లవాడి మాట కన్నా రంగుల కాగితం మీది అంకెను ఎక్కువ నమ్మాను. ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఏడాదికి డబ్బు కట్టాను. బిగించడానికి వచ్చినవాళ్లు తీగను దూరం నుంచి, పొలాల వెంట, స్తంభం మీంచి స్తంభం మీదికి లాక్కొచ్చారు. మాది పాత ఇల్లు. మూరెడు మందం రాతిగోడలు, పైన నాపరాళ్లు. మా ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. "పెట్టె ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగారు. వెనక గదిదాకా తీగ పోవాలంటే గోడకు బెజ్జం వెయ్యాలి. రాయి పగులుతుందేమోనని, ఒకప్పుడు మా నాన్న కట్టించిన గోడ అని, వసారాలోనే పెట్టించాను. కంపెనీ ఉచితంగా ఇచ్చిన పెట్టె 2.4 గిగాహెర్ట్‌జ్ ఒక్కటే ఇచ్చే రకం. 200 ఎంబీపీఎస్ తీగలో వచ్చినా, అలాంటి పెట్టె వైఫైలో దాని పక్కనే కూర్చున్నవాళ్లకు కూడా నలభై యాభైకి మించి రావడం కష్టం. రెండు బ్యాండ్ల పెట్టె అయితే 5 గిగాహెర్ట్‌జ్‌లో స్పీడు బాగా వస్తుంది గానీ అది రాతిగోడను దాటలేదు. అంటే మా ఇంటికి కావలసింది ఖరీదైన ప్లాను కాదు, సరైన చోట పెట్టిన పెట్టె.

అమ్మాయి వచ్చింది. మొదటిరోజే లాప్‌టాప్ తెచ్చుకుని వసారాలో కూర్చుంది. గాలికి కూర్చుందనుకున్నాను. మేలో మా ఎండలు ఎట్లా ఉంటాయో చెప్పనక్కర్లేదు, ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మా నియోజకవర్గంలోదే. మధ్యాహ్నం వసారా బండలు కాళ్లు కాల్చేవి. తను తడిగుడ్డ మెడమీద వేసుకుని మీటింగుల్లో మాట్లాడేది. లోపలికి రమ్మంటే, "ఇక్కడే బాగుంది నాన్నా" అనేది. నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను. చివరికి వాళ్లమ్మ నా ముందుకొచ్చి గట్టిగా అడిగింది: "లోపల గదిలో నెట్టు రావట్లేదు. మీరు ఏడాది డబ్బు కట్టారని, బాధపడతారని చెప్పలేదు పిల్ల. దాని కాళ్ల వాపు చూశారా?" చూడలేదు. రోజూ దాని పక్కనుంచే నడుస్తూ కూడా చూడలేదు.

పైగా నెట్టు తెగిపోతుండేది. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు ఎత్తుగా వేసుకుపోయే లారీలు, గడ్డి ట్రాక్టర్లు, కొండమీంచి దిగి తీగల మీద ఊగే కోతులు, అన్నీ ఆ తీగకు శత్రువులే. పెట్టె మీద ఎర్రలైటు వెలిగిందంటే వెలుగు రావట్లేదని అర్థం. ఫిర్యాదు చేస్తే నంబరు ఇచ్చేవారు. మనిషి రావాలంటే దూరం నుంచి రావాలి, ఆ రోజు ఆయనకు ఇంకెన్ని ఊళ్లు ఉన్నాయో. అప్పుడు అమ్మాయి ఫోన్ సిగ్నలు కోసం డాబా మీదికి ఎక్కేది. ఏడో నెలలో, మెట్లెక్కి.

వాళ్లమ్మ అడిగిన సాయంత్రమే కేబుల్ కుర్రాడి ఇంటికి వెళ్లాను. నేను చెప్పబోతుంటే వాడు చెప్పనివ్వలేదు, పనిముట్ల సంచి తీసుకుని వెంట వచ్చేశాడు. చేతిలో ఇమిడే మీటరు ఒకటి తీగ కొసకు తగిలించి, "మైనస్ 27 చూపిస్తోంది మాస్టారూ, 20 దగ్గర్లో ఉండాలి" అన్నాడు.

డెసిబెల్ అన్నది సంవర్గమానం. పదో తరగతి పిల్లలకు ఏటా బోర్డు మీద రాసి చెప్పిన సంవర్గమానమే. మూడు డెసిబెల్స్ తగ్గితే వెలుగు సగం అవుతుంది, పది తగ్గితే పదో వంతు. మైనస్ 20కి, మైనస్ 27కి మధ్య ఏడే అంకెల తేడా, కానీ నా ఇంటికి చేరే వెలుగు అయిదో వంతుకు పడిపోయిందని దాని అర్థం. గాజుపోగు ఒక్కదాన్ని 32 ఇళ్లకు పంచే స్ప్లిట్టరే 15 డెసిబెల్స్‌కు పైగా తినేస్తుంది. ఆ పైన ప్రతి అతుకూ, ప్రతి మడతా కొంచెం కొంచెం తింటాయి. ఇంట్లో పెట్టె మామూలుగా మైనస్ 27 దాకా చదవగలదు, అది దాటితే ఎర్రలైటే. మేం సరిగ్గా ఆ అంచున ఉన్నాం. అందుకే తీగ కాస్త కదిలినా నెట్టు పోయేది. ఏ రెండు కంపెనీలను పోల్చాలన్నా నేను అడగవలసిన అంకె అదొక్కటే. అది నాకు బాగా తెలిసిన గణితంలోనే ఉంది. నేను మాత్రం భాగహారం చేసుకుంటూ కూర్చున్నాను.

వాడు పెట్టె వెనక చూశాడు. సాకెట్టు పచ్చరంగుది, దానికి తగిలించిన తీగ కొస నీలంది. పచ్చ కొసను ఎనిమిది డిగ్రీల వాలుగా చెక్కుతారు, నీలం కొస వాలు లేకుండా నున్నగా ఉంటుంది. ఒకదానికొకటి సరిగ్గా ఆనవు, మధ్యలో వెలుగు పోతుంది. సంచిలోంచి పచ్చ కొసల తీగ తీసి మార్చాడు. మైనస్ 23కి వచ్చింది. తర్వాత అటక మీదుగా వెనక గదికి లాన్ వైరు లాగి అక్కడ రెండో రౌటరు పెట్టాడు. గోడకు బెజ్జం కూడా వెయ్యలేదు, గుమ్మం పైన ఉన్న సందులోంచే పోనిచ్చాడు. కరెంటు పోయినా నడిచేలా పెట్టెకు ఒకటి, రౌటరుకు ఒకటి చిన్న యూపీఎస్‌లు తగిలించాడు. ఈ పెట్టెలు సాధారణంగా 12 వోల్టులతో నడిచేవే, ఆ యూపీఎస్‌కు పెద్ద ఖర్చేమీ కాదు. వైరు, రౌటరు, యూపీఎస్‌ల డబ్బు మాత్రం తీసుకున్నాడు. పనికి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ రాత్రి అమ్మాయి తన గదిలో, ఫ్యాను కింద, మంచం మీద దిండుకు ఆనుకుని పనిచేసుకుంది. క్షమించమని అడిగాను. "ఊరుకో నాన్నా" అంది.

కాన్పు సుఖంగా అయింది. మనవరాలు. ముందే కట్టిన ఏడాదిలో మిగిలిన నెలల డబ్బు తిరిగి రాదన్నారు. పెట్టె, అడాప్టరు వాళ్లవే కాబట్టి గడువు తీరాక అప్పగించి రసీదు తీసుకోవాలి. తిరిగివ్వకపోతే వాటి ధర మన మీద పడుతుంది. తీగలేని ఎయిర్‌ఫైబర్‌కు మారమని కొందరు చెబుతున్నారు. 2023 సెప్టెంబరు 19న హైదరాబాదుతో కలిపి ఎనిమిది నగరాల్లో జియో మొదలుపెట్టింది అదే, డాబా మీద పెట్టె బిగించి 5జీ టవరు నుంచి సిగ్నలు పట్టే పద్ధతి. దానికైనా ముందు అడగవలసింది ధర కాదు, టవరు మన డాబాకు ఎంత దూరంలో ఉందన్నదే. నేను మాత్రం మా కుర్రాడి కనెక్షనే తీసుకుంటున్నాను, తక్కువ స్పీడుది, నెలనెలా కట్టేది.

మా వెల్దుర్తి లాంటి ఊళ్లలో ఫైబర్ పెట్టించుకోబోయే తల్లిదండ్రులకు నా మనవి. అదే కంపెనీ కనెక్షన్ ఉన్న పక్కింటికి వెళ్లి మైనస్ ఎంత వస్తోందో, కిందటిసారి తెగినప్పుడు మనిషి ఎప్పుడొచ్చాడో అడగండి. పెట్టె ఎక్కడ బిగించాలో చెప్పే ముందు, ఆ ఇంట్లో పనిచేసేది ఎవరో, వాళ్లు ఏ గదిలో కూర్చోవాలనుకుంటున్నారో వాళ్లనే అడగండి. మొదట ఒక్క నెలకే డబ్బు కట్టండి.