కొయ్యలో కొలువైన నాదబ్రహ్మ

ఇకమీదట బాస్ గిటారు కొనబోవువాడు తీగెను మీటి చూచుటకు ముందు వృక్షశాస్త్రమును అభ్యసింపవలెను గాబోలు! తీగెలను వ్రేళ్ళతో నొక్కిపట్టు కొయ్యపలక, అనగా ఫ్రెట్‌బోర్డు, మేపుల్‌దైనచో నాదము తళుక్కుమనునట, రోజ్‌వుడ్‌దైనచో వెచ్చగా నుండునట, ఎబొనీదైనచో గాంభీర్యము నొలికించునట; ఇవి చాలవన్నట్లు కాల్చిన మేపుల్ ఒకటి అవతరించి, నిన్నటివరకు పచ్చి మేపుల్‌ను నెత్తిన పెట్టుకొని ఊరేగినవారిచేతనే అది తన ముందు దిగదుడుపే యనిపించుచున్నది.

ఈ వెచ్చదనమును గూర్చియే నా సందేహమంతయు. లేతరంగు కొయ్యకు కాంతిగల నాదమును, ముదురురంగు కొయ్యకు మెత్తని నాదమును, నల్లకొయ్యకు లోతైన నాదమును పంచిపెట్టిన ఈ విభాగము చెవి చేసినదా, కన్ను చేసినదా? 1951లో పుట్టిన ఫెండర్ ప్రెసిషన్ బాస్ మెడ యావత్తు మేపులే. 1959లో దానికి రోజ్‌వుడ్ పలక వచ్చుటకు, మేపుల్‌పై పూత అరిగి మాసినట్లు అగుపించుటయే కారణమని చెప్పుదురు. మాపు దాచుటకు వచ్చిన కొయ్యకు తరువాత మాధుర్యమబ్బినది! 2017లో, అంతరించిపోవు జాతుల వర్తకమును కట్టడిచేయు సైటీస్ ఒడంబడిక రోజ్‌వుడ్ జాతుల వర్తకమునకు అనుమతిపత్రములు విధింపగా, మెక్సికోలో తయారగు ఫెండర్లకు పౌ ఫెర్రో కొయ్య దిగినది. దిగినదే తడవుగా, వెచ్చదనమునకును తళుకునకును మధ్యస్థమైన స్వభావమొకటి దానికిని సిద్ధమైనది. పలకను గుడ్డతో కప్పి వాయించెదము, ఏది యేదో చెప్పుడని యడిగినచో ఆ రసజ్ఞులకు తక్షణమే వేరొక పని గుర్తునకు వచ్చును.

తీగె యానునది లోహపు ఫ్రెట్టుపై; పికప్ గ్రహించునది ఆ ఉక్కుతీగె కదలికను. కొయ్య ప్రభావము బొత్తిగా శూన్యమని నేననను. కాని పాతతీగెలు మార్చినను, పికప్‌ను కాస్త ఎత్తినను వచ్చు మార్పు ముందు అదెంత? పేరుమోసిన బాస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని తన జాజ్ బాస్ పలకపై పడవలకు పూయు ఎపాక్సీని పూసికొనెను; ఆయన తీగె తాకినది ఆ పూతను. మరియొక బాస్ దిగ్గజము జేమ్స్ జేమర్సన్ సరేసరి, తీగెలు తెగినగాని మార్చువాడు కాడు.

వినోదముగా మొదలైనది వినోదముగా ముగియలేదు. ఎబొనీ నిలువెల్ల నల్లగా నుండితీరవలెనను పట్టుదలకు కామెరూన్ అడవులలో చెట్టును నరికి, లోపల చారలు కనబడినంతనే అచ్చటనే కుళ్ళవిడిచి, మరియొక చెట్టుపై గొడ్డలి వేసిరి. అచటి ఎబొనీ మిల్లును 2011లో భాగస్వామితో కలసి కొన్న గిటార్ల తయారీదారు బాబ్ టేలర్ ఈ సంగతి చాటి, చారల ఎబొనీనే తన గిటార్లకు వాడసాగెను. చారవలన నాదమునకు వచ్చిన లోటేమి? ఏమియు లేదు. రంగుపిచ్చికి చెట్లను చంపి దానికి శ్రుతిజ్ఞానమని పేరు పెట్టుట సిగ్గుమాలిన పని. తాళము నిలుపుట నేర్వవలసిన కుర్రవానిని కొయ్యపేర్ల జపమునకు కూర్చుండబెట్టి, ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క వెల గుంజు వర్తకుడు అంతకు తీసిపోడు. ఈ కొయ్య చూడ ముచ్చటగా నున్నది, అందుకు ఇంత యగునని నిజము చెప్పినచో వాని నోటి ముత్యములు రాలునా?

కావున కొనబోవు నాయనా, మెడ వంగినదేమో చూడుము. ప్రతి ఫ్రెట్టువద్దను నొక్కి, తీగె జరజరలాడుచున్నదేమో వినుము. రంగు కంటికింపైనచో నిస్సంకోచముగా తీసికొనుము. వెచ్చదనమే కావలెనందువా, గిటారుపై టోన్ నాబ్ ఒకటి యున్నది, తిప్పుకొనుము. దానికి వేరే వెల లేదు.